తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు

ఒక ఫొటో తీయడానికి ఎంతసేపు పడుతుంది? జేబులోంచి సెల్‌ఫోను తీసి, 'కాస్త నవ్వండి' అని, వేలితో తాకితే... మహా అయితే రెండు సెకన్లు. కరీంనగర్‌లో ముప్పై ఏళ్లు స్టూడియో నడిపిన ఒక పెద్దాయన మాత్రం వాళ్లమ్మ ఫొటో ఒక్కటంటే ఒక్కటి తీయడానికి తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు తీసుకున్నారు. ఆ సమయం ఎంతో తేల్చడానికి ముందు రోజు రాత్రంతా లెక్కలు వేశారు. ఆ లెక్క ఉందని తెలుసుకోవడానికి అంతకుముందు ఏడాదిన్నర పట్టింది.

పేరు పేపర్లో పడటం ఆయనకి ఇష్టం లేదు. "ఫొటోగ్రాఫరు కెమెరా ఎన్క ఉండాలె గని ముంగట ఉంటడా?" అంటారు. అందుకని వీధిలో వాళ్లు పిలిచినట్టే 'స్టూడియో సార్' అందాం.

సూదిబెజ్జం కెమెరా గురించి హైస్కూల్లో చదువుకోని వాళ్లుండరు. ఓ చీకటి డబ్బా. ఒక పక్కన సూదిమొనంత బెజ్జం. ఎదురుగా ఉన్న చెట్టు తలకిందులుగా డబ్బా లోపలి గోడమీద పడుతుంది. అద్దం లేదు, బ్యాటరీ లేదు. హంపీ విరూపాక్షాలయంలో గోడమీద రాజగోపురం తలకిందులుగా కనిపించేదీ ఈ సూత్రంతోనే. 1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం పట్టినప్పుడు ఊరంతా తలుపులేసుకుని కూర్చుంటే, పాతికేళ్ల స్టూడియో సార్ వాకిట్లో వేపచెట్టు కింద నిలబడి నేలమీద చూశారు. ఆకుల సందుల్లోంచి పడ్డ ప్రతి వెలుగుచుక్కా నెలవంకలా ఉంది. వందల నెలవంకలు! "అప్పుడే కెమెరా ఉంటే బాగుండు అనిపిచ్చింది. తర్వాత తెలిసింది, ఆ చెట్టే కెమెరా అని." పిల్లోడికి దిష్టి తగులుతుందని ఆవేళ వాళ్లమ్మ తిట్టిన తిట్లు కూడా ఆయనకి గుర్తే.

స్టూడియో రోజుల గురించి చెప్పడం మొదలుపెడితే ఆయన ఆగరు. పెళ్లిచూపుల ఫొటోలు, పాస్‌పోర్ట్ సైజులు, ఓటరు కార్డుల కాలంలో క్యూలు... ఫిల్ము కడిగిన హైపో నీళ్లను కూడా పారబోసేవారు కాదు. అందులో కరిగిన వెండి కోసం కొనుక్కుపోయేవాళ్లు వచ్చేవారు. వెండితీగె పనికి పేరుపడ్డ కరీంనగర్‌లో ఆ సంగతి ఎవరికీ వింతగా తోచలేదు. డిజిటల్ వచ్చింది. స్టూడియో మూతపడింది. ఎన్‌లార్జరూ ట్రేలూ ఇంటి అటక ఎక్కాయి.

వాటిని మళ్లీ కిందికి దించింది మనవరాలు. బడిలో సైన్స్ ప్రాజెక్టుకి పిన్‌హోల్ కెమెరా చేయాలంటే అట్టపెట్టె ఎందుకని, అటకమీది పాత ఆగ్ఫా క్లిక్ త్రీని తీశారు తాతగారు. మన దేశంలోనే తయారై, ఒకప్పుడు మధ్యతరగతి ఇళ్లలో పెళ్లికీ పేరంటానికీ బయటికొచ్చిన కెమెరా అది. దాని లెన్సు, షట్టరు ఊడదీశారు. కూల్‌డ్రింక్ డబ్బా రేకును చిన్నముక్క కత్తిరించి, సన్నసూదితో పొడిచి, వెనకవైపు పొక్కును గరుకు కాగితంతో అరగదీశారు. బెజ్జం ఎంతుందో ఎలా తెలుస్తుంది? ఆ రేకును ఎన్‌లార్జర్‌లో నెగెటివ్ పెట్టేచోట పెట్టి, పదింతలు పెద్దది చేసి, కింద పడ్డ వెలుగుగుండ్రాన్ని స్కేలుతో కొలిచారు. మూడున్నర మిల్లీమీటర్లు. అంటే అసలు బెజ్జం 0.35 మిల్లీమీటరు. బెజ్జం నుంచి ఫిల్ముకు దూరం 70 మిల్లీమీటర్లు. డెబ్బైని 0.35తో భాగిస్తే 200. కెమెరా భాషలో ఎఫ్200 అన్నమాట. మామూలు కెమెరాల్లో లెన్సు కంతను ఎంత సన్నం చేసినా ఎఫ్16, ఎఫ్22 దగ్గర ఆగిపోతుంది.

ఇక్కడిదాకా లెక్క తేలికే. లైట్ మీటర్ ఎఫ్16 వరకు చదువుతుంది. 200ను 16తో భాగించి, వచ్చిన పన్నెండున్నరను వర్గం చేస్తే 156. ఎఫ్16కు మీటరు ఎన్ని సెకన్లు చెబితే దానికి 156 రెట్లు బెజ్జానికి ఇవ్వాలి. వెలుగు సగమైతే సమయం రెట్టింపు, పావువంతైతే నాలుగింతలు. ఇది ఫొటోగ్రఫీలో ఓనమాలు. లేబొరేటరీలో బున్సెన్ బర్నరు పేరు వినుంటారుగా, ఆ బున్సెన్, రోస్కో అనే మరో శాస్త్రవేత్తతో కలిసి 1862లోనే చెప్పిన నియమం.

2015 దసరా సెలవుల్లో మనవరాలిని, ఆ కెమెరాను తీసుకుని జగిత్యాల, నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ జిల్లా కుంటాల జలపాతానికి వెళ్లారు. కడెం నది నలభై అయిదు మీటర్ల ఎత్తు నుంచి రాతిమెట్ల మీద దూకేచోటు. సాయంత్రం, కొండనీడ పడ్డాక మీటరు చూస్తే ఎఫ్16కు పావు సెకను. 156లో పావు 39 సెకన్లు. బెజ్జం మీది నల్లటేపు తీసి, ముప్పై తొమ్మిది లెక్కపెట్టి, మళ్లీ అంటించారు. ఆ నీళ్లు పాలపొగలా వస్తాయని దారంతా మనవరాలికి చెబుతూనే వచ్చారు.

ఇంటికొచ్చి ఫిల్ము కడిగితే ఎండలో తీసినవి బాగానే ఉన్నాయి. జలపాతం నెగెటివ్ మాత్రం అద్దంలా పల్చగా ఉంది. నీళ్ల తెలుపు తప్ప రాళ్లు లేవు, చెట్లు లేవు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న చేతికి ఇది చిన్నతనమే. డెవలపర్ పాతదైందేమో? కాదు, అదే డెవలపర్‌లో పక్క ఫొటోలు కుదిరాయి. మీటరు చెడిపోయిందేమో? మరో మీటరు పెట్టి చూశారు, అదే చెప్పింది. బెజ్జంలో దుమ్ము? లేదు. మనవరాలు మాత్రం 'నువ్వే తప్పు లెక్కవెట్టినవ్ తాతా' అని తేల్చేసింది.

తప్పు లెక్కపెట్టడంలో లేదు. లెక్కలోనే ఉంది.

ఆయనకి పాత సంగతొకటి మెదిలింది. స్టూడియోలో పెద్దసైజు ప్రింట్లు వేసేటప్పుడు, వెలుగు తగ్గి సమయం నిమిషాల్లోకి వెళ్తే, లెక్కప్రకారం ఇచ్చినా ప్రింటు పాలిపోయినట్టు వచ్చేది. పని నేర్పిన ఉస్తాద్ 'ఇంకో గుప్పెడు ఎక్కువెయ్' అనేవారు, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు. ఎందుకో ఆయనకీ తెలియదు. ఈయనా అడగలేదు. ఆ గుప్పెడుకు శాస్త్రంలో ఒక పేరుంది. రెసిప్రాసిటీ ఫెయిల్యూర్. వెలుగు తగ్గితే ఆ మేరకు కాలం పెంచితే సరిపోతుందన్న ఒప్పందం చెడిపోవడం.

సంగతేమిటంటే, ఫిల్ము మీద పూతలో సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికాలుంటాయి. వెలుగురేణువు తగిలినప్పుడు స్ఫటికంలో ఒక వెండి పరమాణువు పుడుతుంది. ఒక్కటే ఉంటే నిలవదు, కాసేపటికి తిరిగి కరిగిపోతుంది. నాలుగైదు ఒకచోట గుమిగూడితేనే గట్టిపడి, డెవలపర్‌లో నల్లబడుతుంది. ఎండలోనైతే రేణువులు జడివానలా పడతాయి కాబట్టి ఇబ్బంది లేదు. చీకట్లో ఒక్కొక్కటిగా వస్తాయి. రెండోది వచ్చేలోపు మొదటిది పోతుంది. చిల్లికుండలో నీళ్లు పోసినట్టు. బిందెతో గబగబా పోస్తే నిండుతుంది. చెంబుతో నెమ్మదిగా పోస్తే పోసిందానిలో సగం కారిపోతుంది. ఎంత నెమ్మదిగా పోస్తే అంత నష్టం. దీనికి సరైన సిద్ధాంతం చెప్పింది 1938లో గర్నీ, మాట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు.

అంతకు చాలా ముందే ఈ నష్టాన్ని కొలిచినవాడు కార్ల్ ష్వార్జ్‌షీల్డ్. వియన్నాలోని కుఫ్నర్ అబ్జర్వేటరీలో నక్షత్రాల వెలుగును ఫొటో పలకల మీద కొలుస్తూ, మసకనక్షత్రాల విషయంలో లెక్క కుదరడం లేదని గమనించి, 1900 సంవత్సరం నాటికి దానికో సూత్రం కట్టాడు. పదహారేళ్ల తర్వాత ఐన్‌స్టీన్ సమీకరణాలకు మొదటి కచ్చితమైన సాధన ఇచ్చిందీ, ఇవాళ బ్లాక్‌హోల్స్ అంటే శాస్త్రవేత్తలు తలచుకునేదీ ఈయన్నే. బ్లాక్‌హోల్ సరే, సూదిబెజ్జానికి కూడా ఆయన లెక్కే అక్కరకొచ్చింది!

నక్షత్రాల ఫొటోలు మనకి అంత దూరపు సంగతేమీ కాదు. కరీంనగర్, ఆదిలాబాద్ నిజాం ఏలుబడిలో ఉన్నరోజుల్లో, 1901లో నవాబ్ జాఫర్ జంగ్ హైదరాబాద్‌లో పెట్టిన నిజామియా అబ్జర్వేటరీ, ప్రపంచ దేశాలు కలిసి ఆకాశమంతటినీ ఫొటో తీద్దామని పూనుకున్న పనిలో చేరింది. ఆకాశంలో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ హైదరాబాద్ వంతుకొచ్చింది. గాజుపలకల మీద నిమిషాల తరబడి వెలుగు పట్టి, లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచి పుస్తకాలు అచ్చేశారు. చిల్లికుండ బాధ వాళ్లకి రోజూ ఉండేదే.

ఇల్‌ఫోర్డ్ కంపెనీ తన ఫిల్ములకు ఒక్కో అంకె ఇచ్చింది. మీటరు లెక్క ఒక సెకను దాటితే, ఆ సెకన్ల సంఖ్యను ఆ ఘాతాంకానికి ఎత్తాలి. ఎఫ్‌పీ4 ప్లస్ అనే ఫిల్ముకు 1.26, హెచ్‌పీ5 ప్లస్‌కు 1.31. కుంటాల లెక్కను మళ్లీ వేసి చూశారు స్టూడియో సార్. కెమెరాలో ఉన్నది ఎఫ్‌పీ4. 39 సెకన్లు కాదు, 101 సెకన్లు ఇవ్వాల్సింది! అందాల్సిన వెలుగులో రెండు వంతులు కూడా... కాదు కాదు, సగం కూడా ఫిల్ముకు అందలేదన్నమాట. అన్ని ఫిల్ములూ ఒకేలా నష్టపోవు. కొడాక్ వాళ్ల ట్రై-ఎక్స్‌కు 100 సెకన్లు అని లెక్కొస్తే 1,200 ఇవ్వమని కంపెనీ పట్టిక. ఫ్యూజీ వాళ్ల ఆక్రోస్ మాత్రం రెండు నిమిషాల దాకా ఏ దిద్దుబాటూ అడగదు. ఉస్తాద్ చెప్పిన గుప్పెడు ఒక్కో ఫిల్ముకు ఒక్కోలా ఉంటుందని తెలిసి ఆయన చాలాసేపు నవ్వుకున్నారు.

ఇదంతా కాలక్షేపమే, 2017 వేసవి వచ్చేదాకా.

వాళ్ల సొంతూరు పాత కరీంనగర్ జిల్లాలో, మానేరు ఒడ్డున. మిడ్ మానేరు ముంపు ఊళ్లలో అదీ ఒకటి. పరిహారం, పునరావాసం... ఆ కథ వేరే, పెద్దది. ఇక్కడ చెప్పుకోవాల్సింది ఒక ఇంటి గురించి. గూనపెంకుల భవంతి ఇల్లు. నడుమ వెలుగు పడే భవంతి, చుట్టూ అర్రలు. ఎనభై దాటిన వాళ్లమ్మ కరీంనగర్‌లో కొడుకు దగ్గర పదిరోజులుంటే పదకొండోరోజు 'నా ఇంటికి నేను పోత' అని బయలుదేరే మనిషి. ఊరు సగం ఖాళీ అయ్యింది. ట్రాక్టరు మాట్లాడుకున్నారు. ఏప్రిల్ 30, ఆదివారం పొద్దున సామాను ఎత్తాలి. అవ్వను ఆ ఇంట్లో ఒక ఫొటో తీయాలని ఆయన కోరిక.

సెల్‌ఫోనుతో తీయొచ్చుగా? తీశారు. మనవరాలు యాభై తీసింది. కానీ అవ్వ ఫొటో ఏదీ ఆయన ఫిల్ము మీద తీయలేదు. ఊరందరి ముఖాలూ తీసిన మనిషి దగ్గర సొంతతల్లి నెగెటివ్ ఒక్కటి లేదు. 'నాకెందుకు బిడ్డా' అని ఆమె ఎప్పుడూ తప్పించుకునేది. మంచి కెమెరాలు ఏనాడో అమ్మేశారు. మిగిలింది ఆ బెజ్జం కెమెరా, ఫ్రిజ్‌లో తువాలులో చుట్టిపెట్టిన ఒక్క ఎఫ్‌పీ4 రోలు. పైగా ఏటా ఏప్రిల్ ఆఖరి ఆదివారం ప్రపంచ పిన్‌హోల్ ఫొటోగ్రఫీ దినోత్సవమట. 2001 నుంచి జరుపుతున్నారని మనవరాలు చెప్పింది. ఆయనకి ఆ రోజు అవసరం దినోత్సవానికి కాదు.

ముందు రోజే ఊరెళ్లి, పొద్దున ఏడింటికి భవంతి వెలుగు అర్ర గడప మీద ఎంత పడుతుందో మీటరుతో చూసొచ్చారు. ఎఫ్16కు ఒక సెకను. బెజ్జానికి 156. ఆ రాత్రి ఇంటర్ చదివే మనవరాలు లాగరిథమ్ పట్టికలు ముందేసుకుంది. ఫోన్లో నొక్కితే వచ్చేదే, కానీ తాతగారు కాగితమ్మీద చూస్తే గాని నమ్మరు. 156కు లాగరిథమ్ 2.1931. దాన్ని 1.26తో గుణిస్తే 2.7633. యాంటీలాగ్ చూస్తే 580. తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు! రెండున్నర నిమిషాల పని పది నిమిషాలకొచ్చి కూర్చుంది.

'హెచ్‌పీ5 అయితే తాతా, స్పీడు ఎక్కువ కద. గప్పుడు 49 సెకన్లే. దిద్దుబాటు జేస్తే 163.' పిల్ల చెప్పింది నిజమే. మూడు నిమిషాల్లోపే అయిపోతుంది. కానీ ఆ ఫిల్ము తెప్పించాలంటే పోస్టులో వారం రోజులు. ట్రాక్టరు ఆగదు.

ఇంకో గొడవుంది. అర్ర లోపల, దేవుని గూడు దగ్గర మీటరు ఎఫ్16కు నాలుగు సెకన్లు చెప్పింది. లెక్కప్రకారం పది నిమిషాల పాతిక సెకన్లు, దిద్దుబాటుతో యాభై అయిదున్నర నిమిషాలు. అక్కడ అవ్వను కూర్చోబెట్టడం అయ్యేపని కాదు. ఆ ఫొటో మనిషి లేకుండానే తీద్దామనుకున్నారు. గడప దగ్గరది మాత్రం ఆమెతో.

ఆదివారం పొద్దున స్టూలు మీద కెమెరా పెట్టి, కదలకుండా పైన ఇటుక పెట్టారు. అవ్వ గడప మీద దర్వాజకు ఒరిగి కూర్చుంది.

"పది నిమిషాలు కదలద్దవ్వా. మాట్లాడద్దు."

"పది నిమిషాలేంది బిడ్డా, నేనీ ఇంటికొచ్చి అరవై ఏండ్లాయె. గిదే గడప మీద గూసున్న. ఒక్కసారే కూసుంట మరి. రెండోసారంటే లెవ్వ."

టేపు తీశారు. మనవరాలు ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కింది.

పది నిమిషాలు ఎంతసేపో ఊరికే కూర్చుంటే గాని తెలియదు. భవంతిలో కోళ్లు తిరిగాయి. నాలుగో నిమిషంలో పక్కింటావిడ వచ్చి, ట్రాక్టరు వచ్చిందా అని అడిగి, ఎవరూ పలక్కపోయేసరికి వింతగా చూసి వెళ్లిపోయింది. ఆరో నిమిషంలో ఎక్కడో గునపం దెబ్బలు వినిపించాయి. ఎవరో ద్వారబంధం పీక్కుంటున్నారు. కొడుకు తల్లినే చూస్తూ నిలబడ్డారు. వ్యూఫైండర్‌లోంచి కాకుండా ఒక మనిషిని ఫొటో తీస్తున్నంతసేపూ అలా ముఖంలోకి చూడటం ఆయన జన్మలో అదే మొదలు. మామూలుగా ఫొటోగ్రాఫరు చూడాల్సిన క్షణంలో షట్టరు మూసుకుని ఉంటుంది కదా.

"అయిపోయింది తాతా!"

టేపు అంటించారు. అవ్వ లేచి, కొంగు దులుపుకుని, బిందెలు లెక్కపెట్టుకోవడానికి వెళ్లింది.

కరీంనగర్‌లో ఆ వారం ఎండ మండిపోతోంది. డెవలపర్ ఇరవై డిగ్రీల్లో ఉండాలి. బాత్‌రూంలో బకెట్‌నిండా ఐసుగడ్డలు వేసి, అందులో ట్యాంకు పెట్టి కడిగారు. దిద్దుబాటు ఎక్కువైన ఫిల్ములో తెలుపునలుపుల తేడా గట్టిగా పెరుగుతుంది. మసకచోట్లకు జరిగినంత నష్టం వెలుగుచోట్లకు జరగదు మరి. అందుకని కడిగే సమయాన్ని కాస్త తగ్గించారు. రోలు బయటికి తీసి వెలుగుకు పట్టి చూసినప్పుడు తాతా మనవరాలూ ఇద్దరూ మాట్లాడలేదట.

నెగెటివ్ నిండుగా ఉంది. దర్వాజ చెక్కడాలు, గోడకు ఒరిగిన రోకలి, ఇత్తడి బిందె అంచు, గోడమీది సున్నం పెచ్చులు... అన్నీ పడ్డాయి. కోళ్లు లేవు. పక్కింటావిడ లేదు. ఇరవై సెకన్లు నిలబడ్డ మనిషి 580 సెకన్ల ఫొటోలో ఆనవాలు కూడా వదలదు. 1838లో పారిస్‌లో డాగేర్ తీసిన వీధి ఫొటోలోనూ ఇదే జరిగింది. రద్దీ వీధిలో బండ్లు, జనం అంతా మాయమై, బూట్లు తుడిపించుకోవడానికి కాలు కదపకుండా నిలబడ్డ ఒక్క మనిషే మిగిలాడు. ఇక్కడ అవ్వ మిగిలింది. ముఖం కాస్త మెత్తగా, ఊపిరి తీసినందువల్ల భుజం అంచు కాస్త చెరిగి... కానీ ఆమే.

ప్రింటు వేశాక మనవరాలు పట్టుకుంది. "తాతా, ముసలవ్వకు కుడిచెయ్యి లేదు!"

నిజంగానే లేదు. మోచేతి దాకా ఉంది. అక్కణ్నుంచి పొగలా పల్చబడి, గడపచెక్కలో కలిసిపోయింది. ఎడమచెయ్యి ఒళ్లో రాయిలా ఉంది, వేళ్లు లెక్కపెట్టొచ్చు. ఫిల్ములో లోపమేమో అని నెగెటివ్‌ను భూతద్దం కింద పెట్టి చూశారు. లోపమేమీ లేదు. ముఖం చూస్తూ నిలబడ్డ ఆయన చేతిని గమనించలేదు. స్టాప్‌వాచ్ చూస్తున్న పిల్లా గమనించలేదు. ఆమె ఆ పది నిమిషాలూ గడపను నిమురుతూ కూర్చుంది.

పునరావాస కాలనీలో కొత్త ఇంటికి ఆ ప్రింటును ఫ్రేము కట్టించి తీసుకెళ్తే అవ్వ తేరిపార చూసింది. "నా చెయ్యేదిరా?" అంది. కదిలావు కాబట్టి పడలేదని కొడుకు చెప్పారు. "నేనెక్కడ కదిలిన?" అని దబాయించింది. ఆ తర్వాత వచ్చినవాళ్లందరికీ 'నా కొడుకు ఇంత పెద్ద ఫొటోగ్రాఫరు, నా చెయ్యి మింగిండు' అని చూపించేది.

దేవుని గూడు ఫొటో కుదరలేదు. ముప్పయ్యో నిమిషంలో సామాను ఎత్తేవాళ్లు అర్రలోకొచ్చి స్టూలు జరిపారు. పాపం, వాళ్లకేం తెలుసు, అది కెమెరా అని.

ఊరు నీళ్లలో ఉంది. ఎండాకాలం జలాశయం తగ్గితే మొండిగోడలు, వేపచెట్ల మోళ్లు బయటపడతాయి. పాత ఊరివాళ్లు చూడ్డానికి వెళ్తుంటారు. స్టూడియో సార్ కూడా ఆ కెమెరాతో వెళ్లాలనుకుంటున్నారు. గడప ఉన్నచోటును మళ్లీ తీయడానికి లెక్క వేసి పెట్టుకున్నారు. మిట్టఎండలో ఎఫ్‌పీ4కు ఎఫ్16 దగ్గర సెకనులో 125వ వంతు. బెజ్జానికి ఒకటింపావు సెకను. 1.26 ఘాతాంకంతో సరిచేస్తే 1.3 సెకన్లు. పైకప్పు లేదు కాబట్టి ఇప్పుడక్కడ దిద్దుబాటు అక్కర్లేదు.